నేను విప్పించిన గొలుసు

మీ బండి వెనక ఉన్న కొక్కేన్ని మీరు ఆఖరిసారి వంగి చూసింది ఎప్పుడు? కొన్న రోజు షోరూములో చూశానంటే ఒప్పుకోను. మోకాళ్ల మీద కూర్చుని, తల కిందికి దించి, నట్ల చుట్టూ పేరుకున్న మట్టి గీకి చూశారా అని అడుగుతున్నాను. చూసి ఉండరు. నేనూ చూడలేదు. బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. ఇనుము ఎక్కడ అలిసిపోతుందో, ఎక్కడ పగులుతుందో చేత్తో తడిమి చెప్పగలిగినవాణ్ణి. పైగా హేతువాదిని. కళ్లతో చూడనిదాన్ని నమ్మవద్దని గోదావరిఖని కాలనీల్లో మైకు పట్టుకుని ఏళ్ల తరబడి అరిచినవాణ్ణి. అయినా చూడలేదు. చూడకపోవడమే కాదు, అంతకన్నా పెద్ద తప్పు చేశాను. ఆ తప్పుకు కాలు విరిగింది నాకు కాదు, మక్క కంకులు అమ్ముకునే ఒక ముసలమ్మకు.

మా బావ, అంటే మా అక్క భర్త, భూగర్భ గనిలో పనిచేసేవాడు. రెండువేల సంవత్సరం దాటాక పాత గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఉద్యోగం తనంత తాను వదులుకుని బయటికి వచ్చినవాళ్లలో అతనూ ఒకడు. కొన్నాళ్లు ఊరికే తిరిగాడు. తర్వాత టెంటు హౌసు పెట్టాడు. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకు సెట్టు, ఒక జనరేటరు. వీటిని మోయడానికి ఒక పికప్ బండి. సామాను ఎక్కాక బండిలో జనరేటరుకు చోటు మిగిలేది కాదు. అందుకని దాన్ని రెండు చక్రాల ట్రాలీ మీద బిగించి, ఆ ట్రాలీని పికప్ వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లేవాడు.

మా దగ్గర అలాంటి కొక్కేలను వెల్డింగ్ షాపులో చేయించుకుంటారు. బావ బండికి మాత్రం కొక్కెం ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చింది. మందపాటి ఇనుప పలక, దాన్ని బండి చాసిస్‌కు, అంటే అడుగు చట్రానికి, పట్టి ఉంచే నాలుగు బోల్టులు, బయటికి పొడుచుకొచ్చిన నోరు, ఆ నోట్లోకి నిలువుగా దిగే పిన్ను. ఎంత బరువు లాగవచ్చో పలక మీదే అచ్చు పోసి ఉంది. కొత్త బండి చూడటానికి ఎవరొచ్చినా బావ వాళ్లను ముందువైపు నిలబడనిచ్చేవాడు కాదు. చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లేవాడు.

"చూడు బామ్మర్ది, ఫ్యాక్టరీ హుక్కు. ఏనుగును కట్టినా గుంజుతది."

"నీ టెంటు హౌసుకు ఏనుగెందుకు బావా?"

"నీ పెండ్లికి. ముహూర్తం వద్దంటివి, అయ్యగారు వద్దంటివి, బాజాలు వద్దంటివి. ఏనుగన్న లేకుంటె పెండ్లని ఎట్ల ఎర్కయితది జనాలకు?"

అక్క నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వనిది ఒక్కడే, బావ తండ్రి. నేను ఆయన్ని మామ అనేవాణ్ణి. గనిని మావాళ్లు బాయి అంటారు. మామ తన వయసంతా బాయిలో టబ్బుల దగ్గర గడిపాడు. బొగ్గు నింపిన టబ్బులను, అంటే పట్టాల మీద నడిచే చిన్న తొట్టి బండ్లను, ఒకదానికొకటి తగిలించి, ఉక్కు తాడు మీద ఎత్తు పైకి పంపే పని. రిటైరై చాలా ఏళ్లయింది. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. అలాంటి మనిషి ఆ రోజు గోడ పట్టుకుని బండి వెనక చతికిలబడి, పిన్ను చుట్టూ వేలు తిప్పి చూశాడు.

"మంచిగనే ఉన్నది. గొలుసేది?"

"గొలుసెందుకే అయ్యా? ఫ్యాక్టరీది గది."

మామ గోడ పట్టుకుని లేచాడు. మర్నాడు పాత ఇనుము కొట్టులో వెతికి బొటనవేలు లావు కడియాలున్న గొలుసు ఒకటి తెప్పించాడు. వెల్డరును ఇంటికే పిలిపించి, నీడలో పీట వేసుకుని పక్కనే కూర్చుని, రెండు కొండీలు పెట్టించాడు. ఒకటి బండికి, ఒకటి ట్రాలీకి. ఆ గొలుసును కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి రెండు కొండీల మధ్య కట్టాడు.

"గిది మైసమ్మ గొలుసు," అన్నాడు కొడుకుతో. "బాయి మొగదల ఉన్న తల్లి పేరు మీద కట్టిన. నేనున్నా లేకున్నా దీన్ని తియ్యకు. తీస్తె నా మీద ఒట్టే."

గని ముఖద్వారం దగ్గరి మైసమ్మకు మొక్కి దిగడం మావాళ్ల అలవాటు. నేను ఊరుకుంటానా?

"మామా, మైసమ్మకు బండి నడుపుడు గూడ వచ్చా?"

ఆయన దగ్గుతూనే నవ్వాడు. "రాదు అల్లుడా. లైసెన్సు లేదు. గందుకే వెనక కూసుండవెట్టిన."

ఆ చలికాలమే మామ పోయాడు.

ఇప్పుడు ఎవరైనా నన్ను నిలదీసి అడగవచ్చు. నువ్వు ఫిట్టరువు కదా, ఆ గొలుసు ఏమిటో నీకు తెలియలేదా? బాయిలో టబ్బుల వరసకు అసలు కొక్కేలతో పాటు విడిగా గొలుసు కూడా ఉంటుందనీ, కొక్కెం తెగితే వరసంతా వాలులో వెనక్కి దొర్లిపోకుండా ఆ గొలుసే పట్టుకుంటుందనీ నీకు తెలియదా? తెలుసు. అలాంటి గొలుసులు నా బెంచీ మీదికి వారం వారం వచ్చేవి. ఒక్కో కడియాన్నీ సుత్తితో తట్టి చూసి, అరిగినదాన్ని పక్కన పడేసేవాణ్ణి. అదే గొలుసు మా అక్క ఇంటి ముందు, పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని కనిపిస్తే నేను గుర్తుపట్టలేదు. నాకు కనిపించింది పసుపు మాత్రమే. పసుపు కనబడితే చాలు, నా బుర్రలో ప్రశ్నలు ఆగిపోయి జవాబులు మొదలయ్యేవి.

నేను వాదన నేర్చుకున్నది సంస్కరణ సభల్లో. కుర్రతనంలోనే పెద్దల మధ్య కూర్చుని, ఎదుటివాడి మాటలో బలహీనమైన చోటు ఎక్కడుందో పసిగట్టడం, అక్కడే దెబ్బ కొట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ విద్య నాకు చాలా ఇచ్చింది. చేతబడి పేరుతో ఒక ఆడమనిషిని చెట్టుకు కట్టేయబోతే ముగ్గురమే వెళ్లి ఆపాం. దాని గురించి ఇప్పటికీ గర్వపడతాను. కానీ ఆ విద్యలో ఒక లోపం ఉంది. గెలవడం నేర్పుతుంది. అడగడం దానంతట అది నేర్పదు, మనమే నేర్చుకోవాలి. నేను నేర్చుకోలేదు.

మామ పోయిన మరుసటి ఎండాకాలంలో మా కాలనీ మైదానంలో సభ పెట్టాం. సాయంత్రం మొదటి షిఫ్టు వాళ్లు తిండి తిని తీరిగ్గా వచ్చారు. ఎప్పటిలాగే మైకూ జనరేటరూ బావవే. నా సభలకు అతను ఎప్పుడూ కిరాయి అడగలేదు. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించాను. కొబ్బరికాయలోంచి పూలు తీసి, అది ఎలా చేస్తారో కూడా చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఊపు మీద ఉన్నాను. మైదానం చివర నిలబెట్టిన బావ బండి కంటబడింది.

"అంత దూరం ఎందుకు, మా ఇంటి సంగతే చెప్తాను," అన్నాను. "అదిగో మా బావ బండి. దాని కొక్కెం ఫ్యాక్టరీలో తయారైంది. ఇంజనీర్లు లెక్కలు కట్టి, యంత్రాల మీద లాగి చూసి, ఇంత బరువు ఆగుతుందని అచ్చు వేసి పంపారు. బండితో వచ్చిన పుస్తకం నేను చదివాను. అందులోనూ అదే ఉంది. మా బావ దాన్ని నమ్మడు. పసుపు గొలుసును నమ్ముతాడు. ఉక్కు లాగలేని బరువును కుంకుమ లాగుతుందట!"

జనం నవ్వారు. ముందు వరసలోంచి ఒకడు అరిచాడు: "అన్నా, గా గొలుసు బండికి గాదే, మీ అక్క మీ బావకు కట్టింది. ఉరికిపోతడని!"

నవ్వులు మైదానమంతా పాకాయి. బావ కూడా నవ్వాడు. జనరేటరు పక్కన వంగి, గొలుసు విప్పి భుజాన వేసుకున్నాడు.

"అయిందా బామ్మర్ది? ఇగ ఉపన్యాసం ముగియ్యి. డీజిల్ అయిపోవట్టె."

చప్పట్లు మోగాయి. తండ్రి మీద పెట్టిన ఒట్టును అంతమంది ముందు తీసి గట్టున పెట్టడానికి అతనికి ఎంత కష్టమైందో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. ఆ తర్వాత జరిగిన సభలన్నిటిలోనూ ఈ సంగతి చెప్పుకున్నాను. మా ఇంట్లోనే ఒక మూఢనమ్మకాన్ని విప్పించానని. అక్క ఆ గొలుసును ఇంటి ముందు గేటుకు తాళం వేసుకోవడానికి వాడుకుంది.

వానాకాలం వచ్చింది. శ్రీరాంపూర్‌లో సభ ముగించుకుని, రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు పొద్దున తిరిగి వస్తున్నాం. బావ నడుపుతున్నాడు, నేను పక్కన. వెనక ట్రాలీ మీద జనరేటరు. బొగ్గు లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుంతలు పడి ఉంది. గోదావరి వంతెన దాటాక రోడ్డు ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు కింద, రోడ్డు పక్కన, తట్టలో నిప్పులు పోసుకుని కంకులు కాల్చి అమ్మే అవ్వ ఒకామె కూర్చునేది. మా బాటలో వచ్చేపోయేవాళ్లందరికీ ఆమె కంకులవ్వే. వానల కాలంలో రోజూ పక్క ఊరి నుంచి గంపతో నడిచి వచ్చేది. ఆ పొద్దున కూడా ఆగి రెండు కంకులు కొనుక్కున్నాం.

"ఏం బిడ్డా, రాత్రి దేవుండ్లను తిట్టొచ్చినవా?" అంది నాతో.

"తిట్టలేదవ్వా. లేరని చెప్పొచ్చిన."

"లేనోళ్ల గురించి గంత దూరం పోయి చెప్పుడెందుకు? గా డీజిల్ ఖర్చేంది?"

బావ పగలబడి నవ్వుతూ బండి కదిలించాడు. ఎత్తు సగం ఎక్కాం. ఒక గుంతలో వెనక చక్రాలు దిగి లేచాయి. ఠప్‌మని చప్పుడు. ఆ వెంటనే బండి తేలికైంది. బరువు లాగుతున్న బండి ఒక్కసారిగా తేలికైతే ఎలా ఉంటుందో నడిపేవాళ్లకు తెలుసు. బావ అద్దంలోకి చూశాడు. నేను తల బయటపెట్టి చూశాను. జనరేటరు ట్రాలీ మా నుంచి విడిపోయి, వెనక్కి, వాలులోకి వెళ్తోంది. మొదట మెల్లగా. తర్వాత మెల్లగా కాదు.

అది రోడ్డు మీదే తిన్నగా పోయి ఉంటే వెనక ఏ లారీకో తగిలేది. రాయి తగిలి పక్కకు తిరిగింది. కంకులవ్వ లేవబోయింది. లేవడం పూర్తి కాలేదు. నిప్పుల తట్ట ఎగిరి పడింది. ట్రాలీ ఆమె ఎడమ కాలి మీదుగా పోయి మట్టిదిబ్బకు గుద్దుకుని ఆగింది.

నేనే ఆమెను ఎత్తుకున్నాను. ఎండిపోయిన మనిషి, బరువే లేదు. మోకాలి కింద కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఆమె అరవలేదు. "కంకులు, కంకులు" అంటూ చెల్లాచెదురైన వాటి వైపు చూసింది. బావ బండి వెనక్కి తెచ్చాడు. ఆమెను సీటులో పడుకోబెట్టేలోపే జనం పోగయ్యారు. వాళ్లలో ఒకడు మా కాలనీవాడే.

"ఏమాయె అన్నా? ట్రాలీ ఎట్ల ఊడింది?" అని అడిగి, బండి వెనక చూసి, గుంపు వైపు తిరిగాడు. "చెప్తె ఇన్నరా? మైసమ్మ గొలుసు తీసిండ్రు. గా తల్లి ఊకుంటదా? మీటింగుల నేను కండ్లార చూసిన, గీయననే తీయించిండు."

అందరూ నా వైపు చూశారు. అప్పుడు నేనూ ఆ కొక్కెం దగ్గర వంగాను, మొదటిసారిగా. నోరూ పిన్నూ చెక్కుచెదరకుండా ట్రాలీతో పాటే పోయాయి. పలక మాత్రం బోల్టు రంధ్రం దగ్గర నిలువునా చీలి, సగం ముక్కే బండికి మిగిలింది. చీలిన ముఖం సగం తుప్పు పట్టి ఎర్రగా ఉంది, సగం కొత్తగా మెరుస్తోంది. ఫిట్టరుకు అంతకన్నా చెప్పాల్సింది ఏమీ ఉండదు. తుప్పు పట్టిన సగం నెలల కింద పగిలింది. మెరిసే సగం ఇవాళ తెగింది. నట్లు వదులై, గుంతల్లో పలక కదిలి కదిలి, కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చింది. నేను మైకులో దాన్ని పొగుడుతున్నప్పుడు కూడా ఆ పగులు అక్కడే ఉండి ఉండవచ్చు. ఆ పలకకు జానెడు దూరంలో, చాసిస్ దూలానికి, మామ పెట్టించిన కొండీ ఖాళీగా వేలాడుతోంది. పూజ కోసం కట్టే గొలుసైతే బంపరుకు చుట్టినా సరిపోయేది. ఆ ముసలాయన వెల్డరును పిలిపించి, పక్కనే కూర్చుని, చాసిస్‌కే కొండీ పెట్టించాడు. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది.

అర్థమైనది చెప్పానా? లేదు. లేచి నిలబడి, సభలో మాట్లాడే గొంతుతో అన్నాను: "గొలుసు ఉన్నా ఈ కొక్కెం విరిగేదే. ఇనుము అలిసిపోయింది. దీనికీ దేవతకూ సంబంధం లేదు."

ఆ మాటల్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. గొలుసు ఉన్నా కొక్కెం విరిగేదే. కానీ గొలుసు ఉంటే ట్రాలీ మమ్మల్ని వదిలి పోయేది కాదు. ఆ సగం నేను మింగేశాను. ఎందుకు? గొలుసు తీసినందుకే ఇది జరిగిందని ఒప్పుకుంటే మైసమ్మ గెలుస్తుందని. బండి సీటులో ఒక ముసలమ్మ మూలుగుతూ ఉంటే, నేను ఒక దేవత మీద చర్చ గెలవాలని చూశాను. లేదని నేనే చెప్పే దేవత మీద.

ఇంటికి వచ్చాక బండి పుస్తకం తీశాను. సభలో నేను చెప్పుకున్న పేజీ అక్కడే ఉంది, బరువు లెక్కతో సహా. దాని తర్వాతి పేజీ నేనెప్పుడూ తిప్పలేదు. అందులో ఒక బొమ్మ. ట్రాలీ కడ్డీ కింద నుంచి బండికి కట్టిన గొలుసుల బొమ్మ. కొక్కెం ఎంత గట్టిదైనా గొలుసు లేకుండా ట్రాలీని లాగవద్దని దాని కింద రాసి ఉంది. ఆ పక్కనే నట్లను తరచూ బిగించి చూసుకోమనీ, పలకలో పగుళ్లు వెతకమనీ ఉంది. ఫ్యాక్టరీవాళ్లు మోసం చేయలేదు. కొక్కెం బలం ఎంతో చెప్పారు, ఆ బలాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పారు. ఇంజనీరు ఇంగ్లీషులో రాసినదాన్నే, ఇంగ్లీషు రాని మామ బాయిలో నేర్చుకుని కట్టాడు. మధ్యలో ఇంగ్లీషూ బాయీ రెండూ తెలిసిన నేను ఒకడిని వచ్చి, విప్పించాను.

అవ్వను దవాఖానలో చాలా రోజులు ఉంచారు. కాలిలో రాడ్డు వేశారు. వైద్యమంతా బావే చూసుకున్నాడు. అక్క రోజూ సద్ది తీసుకెళ్లేది. నేను పండ్లు పట్టుకుని వెళితే అవ్వ నా తల నిమిరేది.

"నువ్వు జల్ది ఎత్తుకుంటివి గాబట్టి బతికిన బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ ఎక్కడికైనా పారిపోవాలనిపించేది. మళ్లీ నడవగలనా అని ఆమె వచ్చినవాళ్లందరినీ అడిగేది. నడవలేకపోతే గంప మోయలేదు, గంప మోయలేకపోతే ఆమెకు మరో బతుకు లేదు. నన్నూ అడిగేది. నడుస్తావవ్వా అని చెప్పేవాణ్ణి. అది కూడా తెలియకుండానే.

ఇలా దసరా వచ్చింది. దసరాకు మా ప్రాంతంలో పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తారు. పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను. బావ బండికి కొత్త కొక్కెం వేయించి ఉన్నాడు, అచ్చం పాతదాని లాంటిదే. బండి వెనక కూర్చుని ఏదో కడుతున్నాడు. దగ్గరికి వెళ్లి చూశాను. గొలుసు. కొత్తది, సన్నది, వెండిలా మెరుస్తున్నది. కుక్కకు కట్టినా ఒక్క గుంజుకు తెగిపోయేది. దాన్ని మామ పెట్టించిన కొండీలకు కూడా కట్టడం లేదు. బంపరుకు రెండు చుట్లు చుట్టి, మధ్యలో నిమ్మకాయలు గుచ్చి, దండలాగా వేలాడదీస్తున్నాడు.

"నువ్వేం అనకు బామ్మర్ది," అన్నాడు నా ముఖం చూడకుండానే. "నీ మాట ఇని ఒకపారి తీసిన. అవ్వ కాలు ఇరిగింది. తల్లి గొలుసు తల్లికి కట్టాలె. ఇగ నా సంగతి నాకు ఇడిసిపెట్టు."

"పాతది ఏది?"

"గేటుకున్నది గాదు? తుప్పు పట్టింది. తల్లికి గట్లాంటిది కడ్తరా? గీ కొత్తది తెచ్చిన, షానుగ ఉన్నది."

నేను నిజం దాచడం వల్ల ఏం జరిగిందో అక్కడ బంపరు మీద తళతళలాడుతూ కనబడింది. మామ ఆ గొలుసులో రెండు సంగతులు కలిపి కట్టాడు. తన చేతి పనిని, దాన్ని కాపాడటానికి తల్లి పేరును. కొడుకు తన మాట వినడని తెలిసి, వినే పేరు పెట్టి చెప్పాడు. నేను వచ్చి రెండూ పీకేశాను. ఇప్పుడు తిరిగి వచ్చింది తల్లి పేరొక్కటే. పని రాలేదు. ఆ పని ఏమిటో తెలిసిన ఇద్దరిలో ఒకడు చచ్చిపోయాడు, ఇంకొకడు నోరు మూసుకున్నాడు. ఈ దండ కట్టుకుని ఇదే బండి రేపు మళ్లీ ఆ ఎత్తు ఎక్కుతుంది. ఆ ఎత్తు కింద మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

"బావా, నేను నీకు అబద్ధం చెప్పిన," అన్నాను.

చెప్పాను. టబ్బుల గొలుసు గురించి, చాసిస్‌కు పెట్టిన కొండీ గురించి, నేను తిప్పని పేజీ గురించి, రోడ్డు మీద మింగిన సగం మాట గురించి. గొలుసు ఉండి ఉంటే అవ్వ కాలు విరిగేది కాదని కూడా. అక్క పసుపు గిన్నెతో గడప దగ్గర నిలబడి అంతా విన్నది. బావ చేతిలో మిగిలిన నిమ్మకాయను నేల మీద పెట్టాడు.

"ఎన్ని దినాలాయె?" అన్నాడు. "రెండు నెలలు. రెండు నెలల సంది మా అయ్య నా మీద కోపానికొచ్చిండని, తల్లి నా మీద కోపానికొచ్చిందని నాకు కంటికి నిద్ర లేదు. నువ్వు ఎదురుంగనే కూసుండి ఛాయ్ తాగినవ్."

"తప్పయింది బావా."

"నువ్వు చదువుకున్నోనివి. నన్ను అడిగినవా? మా అయ్య బతికున్నప్పుడు ఆయననన్న అడిగినవా, మామా గిదెందుకు కడ్తున్నవని? మైసమ్మకు లైసెన్సుందా అని అడిగినవ్. గొలుసెందుకని అడుగలే."

ఎన్నో సభల్లో ఎంతోమంది పండితులను ప్రశ్నించినవాణ్ణి. మామను ఆ ఒక్కటీ అడగలేదు.

బావ గేటు దగ్గరికి వెళ్లి, తాళం తీసి, పాత గొలుసును తెచ్చి నా కాళ్ల ముందు పడేశాడు. "కట్టు. తీయించినోనివి నువ్వే గదా. నువ్వే కట్టు."

దాన్ని కిరసనాయిలుతో కడిగాను. కడియాల సందుల్లో మామ పూసిన పసుపు ఇంకా ఉంది. ఒక్కో కడియాన్నీ సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. కొండీల వెల్డింగు చూశాను. కొత్త కొక్కెం నట్లు బిగించాను. అన్నీ అయ్యాక గొలుసు కట్టి పక్కకు జరిగాను. అక్క పసుపు గిన్నె పట్టుకుని నా వైపు చూసింది.

"పుయ్యాల్నా, వద్దా?"

"నీ ఇష్టం అక్కా. గని పూసే ముందు ప్రతిసారి కడిగి, పగులు ఉన్నదేమో చూసి పుయ్యి."

ఆ మధ్యాహ్నమే కంకులవ్వ ఊరికి వెళ్లాను. ఆమె మంచంలో కూర్చుని ఉంది, పక్కన ఊతకర్ర. ఆమెకూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె శాపనార్థాలు పెడితే బాగుండును అనుకున్నాను. ఆమె తన కాలి వైపు చూసుకుంది.

"దేవుడు లేడంటవ్ గదా నువ్వు?"

"అవునవ్వా."

"ఉంటె ఉండె, లేకుంటె లేకపాయె. గొలుసైతె ఉండె గదా బిడ్డా. ఉన్నదాన్ని తీస్తివి."

అంతే అంది. తర్వాత నా తల నిమరలేదు.

మరుసటి వానాకాలానికి ఆమె కుంటుకుంటూనే నడిచి వచ్చింది. ఆమె గంపను బావ బండిలో వేసుకుని ఆ ఎత్తు దగ్గర దింపేవాడు. ఎత్తు కింద కాకుండా పైన, చదునైన చోట కూర్చోబెట్టాడు. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా రంగులు చల్లుకుంటుంటే, ఆ సంబరానికి వెలుగిచ్చిన జనరేటరు కూడా ఆ గొలుసుతోనే వచ్చింది. నేను వెళ్లి, వంగి, చూసి, ఆ తర్వాతే జనంలో కలిశాను.

నేను ఇప్పటికీ హేతువాదినే. మైసమ్మ ఆ ట్రాలీని తోయలేదు. తోసింది నేను. ఒక ముసలి కార్మికుడు ఎందుకు ఆ పని చేశాడో అడగని నా అహంకారం తోసింది. ఫ్యాక్టరీ అచ్చు చూసి చేతులు జోడించడానికీ, పసుపు బొట్టు చూసి చేతులు జోడించడానికీ తేడా ఉందని నేను ఎన్నో సభల్లో చెప్పాను. తేడా ఒక్కటే, వంగి చూడటం. వంగి చూడనివాడికి ఆ తేడా లేదు.

అందుకే మిమ్మల్ని అడగడంతో మొదలుపెట్టాను, చెప్పడంతో ముగిస్తున్నాను. ఈ పుస్తకం మూసేయండి. మీ బండి వెనకకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చోండి. మట్టి గీకండి. ప్రతి నట్టునూ బిగించి చూడండి. బోల్టుల చుట్టూ వెంట్రుకంత గీత కనిపించినా ఆ కొక్కేన్ని విప్పి అవతల పారేయండి. గొలుసు లేకపోతే ఈ రోజే కట్టండి, బంపరుకు కాదు, చాసిస్‌కు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టింది ఏదైనా మీకు వెర్రిగా కనబడితే, విప్పే ముందు వాళ్లు బతికి ఉండగానే వెళ్లి అడగండి. లేవండి. ముందు వెళ్లి చూడండి.